తుగ్లకాబాదు కోట: ఓరుగల్లు కథకు మరొక కొస

తెలుగువారి నిత్యవ్యవహారంలో 'తుగ్లక్' అనే మాటకు స్థిరపడిన అర్థమొకటి ఉన్నది. ముందువెనుకలు చూడకుండా తీసుకొన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 'తుగ్లక్ చర్య' అనడం పత్రికలకు, సామాన్యులకు కూడా అలవాటు. ఈ మాటకు కారకుడు రాజధానిని ఢిల్లీ నుండి దౌలతాబాదుకు తరలించిన మహమ్మద్ బిన్ తుగ్లక్. ఆయన తండ్రి ఘియాసుద్దీన్ తుగ్లక్ ఇందుకు భిన్నమైనవాడు. సరిహద్దులలో సేనానిగా జీవితమంతా గడిపి, వార్ధక్యంలో సింహాసనమెక్కిన మితభాషి. ఆ తండ్రి పేరు మీద వెలసిన కొండకోటయే తుగ్లకాబాదు.

హైదరాబాదు, కాజీపేటల మీదుగా ఢిల్లీ చేరే తెలుగు ప్రయాణికులు ఫరీదాబాదు దాటిన తరువాత ఈ పేరుగల స్టేషనును చూస్తూనే ఉంటారు. అయితే సామానులు సర్దుకొనే తొందరలో ఆ పేరును పట్టించుకొనేవారు తక్కువ. స్టేషనుకు పడమరగా కొన్ని కిలోమీటర్ల దూరంలో, మెహ్రౌలీ-బదర్‌పూర్ రహదారి పక్కన, ఆరావళీ పర్వతశ్రేణి చివరి గుట్టల మీద కోట శిథిలమై నిలిచి ఉన్నది. ఎర్రకోటను, కుతుబ్ మీనారును, హుమాయూను సమాధిని చూచి తృప్తిపడి వెళ్ళే యాత్రికులు ఇక్కడికి రారు. కాకతీయ చరిత్ర చదివినవారైనా రావలసిన చోటు ఇది. ఈ గోడలు పైకి లేచిన సంవత్సరాలలోనే ఓరుగల్లు పడిపోయింది. ఇక్కడ కట్టించినవాడు తండ్రి, అక్కడ పడగొట్టినవాడు కుమారుడు.

ఘియాసుద్దీన్ అసలు పేరు ఘాజీ మాలిక్. ఖిల్జీల కాలంలో పంజాబులోని దీపాల్‌పూరుకు అధిపతిగా ఉండి మంగోలుల దాడులను పలుమారులు తిప్పికొట్టాడు. ఖిల్జీ వంశంలో చివరివాడైన ముబారక్ షాను హత్యచేసి ఖుస్రో ఖాన్ సింహాసనమాక్రమించగా, ఘాజీ మాలిక్ సేనలతో ఢిల్లీపైకి వచ్చి క్రీ.శ. 1320లో అతనిని ఓడించి సుల్తాను అయ్యాడు. మరుసటి సంవత్సరమే కొత్త రాజధాని నిర్మాణానికి పూనుకొన్నాడు. దీనికొక కథను ఇబన్ బతూతా చెప్పాడు. ఘాజీ మాలిక్ ఉద్యోగిగా ఉన్న రోజులలో ఈ గుట్టను చూపి, ఇక్కడ నగరం కట్టదగునని తన ప్రభువుతో అన్నాడట. నీవు సుల్తానువైన నాడు కట్టుకో అని ప్రభువు ఎగతాళి చేశాడట. కథ నిజమో కాదో గాని, చోటును ఎన్నుకొన్న కన్ను మాత్రం సైనికునిదే. ఎత్తైన రాతినేల, చేతికందే రాయి, దక్షిణాన వాననీటిని నిలుపగల పల్లపు భూమి అన్నీ ఒక్కచోట అమరినవి. మంగోలుల భయం తొలగని ఆ కాలంలో ఇంతకంటె మంచి స్థలం ఢిల్లీ పరిసరాలలో దొరకడం కష్టం.

కోట చుట్టుకొలత సుమారు ఆరున్నర కిలోమీటర్లు. గుట్ట వంపులను అనుసరించి గోడ సాగినందువల్ల దాని ఆకృతి ఒక నియతమైన రూపానికి లొంగదు. పదినుండి పదిహేను మీటర్ల ఎత్తున లేచిన గోడలకు మధ్య మధ్య గుండ్రని బురుజులు ఉన్నవి. గోడలు నిటారుగా లేవు. అడుగున వెడల్పై, పైకి పోయినకొద్దీ లోపలికి వాలుతాయి. తుగ్లక్ కాలపు కట్టడాలన్నిటికీ ఇదే గుర్తు. లోపల రాతిముక్కలు, సున్నము కూరి, వెలుపల పెద్ద పెద్ద బండలు పేర్చారు. శిల్పం లేదు, లతలు లేవు, రంగుపలకలు లేవు. ఖిల్జీల కాలపు అలాయి దర్వాజాను కుతుబ్ ప్రాంగణంలో చూచిన కళ్ళతో ఇక్కడికి వస్తే పదేళ్ళ వ్యవధిలో అభిరుచి ఇంతగా ఎలా మారిందా అని ఆశ్చర్యం కలుగుతుంది. అలాయి దర్వాజా 1311 నాటిది.

కోటకు ఒకప్పుడు 52 ద్వారాలు ఉండేవని, నేడు 13 మిగిలి ఉన్నవని చెబుతారు. లోపలి భాగం మూడు ఖండాలు. ఉత్తరాన విశాలమైనది నగరం. ద్వారం నుండి ద్వారానికి వేసిన వీధుల జాడలు అక్కడ అక్కడ గుర్తించవచ్చు. దక్షిణాన దుర్గం, దాని పక్కన రాజప్రాసాదాలు. దుర్గంలో అత్యున్నత స్థలాన ఉన్న బురుజును విజయమండల్ అంటారు. దానికి సమీపంలో నేలమాళిగ వంటి పొడవైన నడవ ఒకటి, దానికి ఇరువైపుల చిన్న చిన్న గదులు ఉన్నవి. రాతిని తొలిచి దింపిన లోతైన దిగుడుబావులు కూడ ఉన్నవి. కొండ మీద నీరు నిలువచేయడమెలాగన్నది ఈ కోట కట్టినవారి ప్రధాన సమస్య అని ఆ బావుల లోతే తెలుపుతుంది. ప్రాసాదపు బంగారు పూత ఇటుకలు సూర్యోదయాన కళ్ళు తెరచి చూడనీయనంతగా మెరిసేవని, సుల్తాను తొట్టి కట్టించి దానిలో కరిగించిన బంగారం పోయించాడని ఇబన్ బతూతా వ్రాశాడు. ఆయన ఢిల్లీకి వచ్చినది కోట నిర్మాత మరణించిన సుమారు తొమ్మిదేళ్ళ తరువాత. విన్నమాటలను విన్నట్లే వ్రాసే ఆ యాత్రికుని వాక్యాలను కొంత తగ్గించి చదువుకోవడం మంచిది. నేడక్కడ ఇటుకలు లేవు, పూత లేదు.

ఇక ఓరుగల్లు విషయం. ఢిల్లీ సేనలకు కాకతీయ రాజ్యం మీది మోజు తుగ్లకులతో మొదలైనది కాదు. 1303లో ఖిల్జీ సేన వచ్చి విఫలమై మరలింది. 1309-10లో మాలిక్ కాఫర్ ముట్టడించి, ప్రతాపరుద్రునితో సంధి చేసికొని అపారధనంతో తిరిగి వెళ్ళాడు. ఆ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో ఓరుగల్లు మట్టికోట గట్టితనాన్ని ఎంతగానో మెచ్చుకొన్నాడు. ఉక్కు ఈటె దానిలో దిగలేదని, యంత్రాలు విసరిన రాళ్ళు తగిలి వెనుకకు ఎగిరాయని శత్రుపక్షపు కవియే చెప్పడం విశేషం. ఆ మట్టికోటకు లోపల 45 బురుజుల రాతికోట. గణపతిదేవుడు ఆరంభించి రుద్రమదేవి పూర్తిచేసిన నిర్మాణమది.

ఘియాసుద్దీన్ సింహాసనమెక్కగానే, కప్పం నిలిచిపోయినదన్న కారణంతో పెద్దకుమారుడు ఉలుగ్ ఖాన్‌ను ఓరుగల్లుపైకి పంపాడు. ఈ ఉలుగ్ ఖానే తరువాతి మహమ్మద్ బిన్ తుగ్లక్. మొదటి ముట్టడి నెలల తరబడి సాగి భగ్నమైంది. ఢిల్లీ నుండి టపా ఆగిపోవడంతో సుల్తాను చనిపోయాడన్న పుకారు శిబిరంలో పుట్టి, సేనానులు ఎవరి దారి వారు చూచుకొన్నారు. ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనుదిరగవలసి వచ్చింది. అయినా తండ్రి మళ్ళీ సేనలను పంపాడు. 1323లో బీదరు, బోధన్ కోటలను పట్టుకొని ఉలుగ్ ఖాన్ రెండవసారి ఓరుగల్లును చుట్టుముట్టాడు. ఈసారి కోట నిలువలేదు. ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. నగరం పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది.

ఆ మార్పు ఎంత త్వరగా తెలుగునేల లోతులకు చేరిందో తెలుసుకొనడానికి రెండు సాక్ష్యాలు చాలు. రాజమహేంద్రవరంలోని మసీదు శాసనం 1324 నాటిది. దానిలో సుల్తాను ఘియాసుద్దీన్ పాలన ప్రస్తావింపబడింది. అదే కాలంలో 'ముల్క్-ఎ-తిలంగ్' అనే టంకశాల పేరుతో ఈ సుల్తాను బంగారు నాణెములు వెలువడ్డాయి. ఢిల్లీ దగ్గరి గుట్ట మీద గోడలు ఇంకా పూర్తికాకముందే గోదావరి తీరాన ఆయన పేరు రాతికెక్కింది.

ప్రతాపరుద్రుడు మాత్రం ఈ కోటను చూడలేదు. బందీగా ఆయనను ఢిల్లీకి పంపగా దారిలోనే మరణించాడు. ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనం ఈ మరణం సోమోద్భవ, అనగా నర్మదానది, ఒడ్డున జరిగినదని చెబుతున్నది. ప్రోలయనాయకుడు ఈ సంఘటన జరిగిన కొద్ది సంవత్సరాలకే ఈ శాసనం వేయించాడు గనుక దీని విలువ ఎక్కువ. వందేళ్ళ తరువాత, 1423లో, అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఆయన తన ఇచ్ఛతోనే స్వర్గస్థుడైనాడని అంటున్నది. దీనిని బట్టి పరాధీనతను సహింపలేక రాజు ఆత్మహత్య చేసికొన్నాడని పలువురు చరిత్రకారులు ఊహించారు. శాసనపు మాట అంతకంటె స్పష్టంగా లేదు. పారశీక చరిత్రకారుడు షమ్సె సిరాజ్ అఫీఫ్ కూడ తెలంగాణపు రాయడు దారిలో చనిపోయాడనే వ్రాశాడు. పరస్పరం శత్రువులైన రెండు పక్షాల రచనలు ఒక విషయంలో ఏకీభవించడం ఈ కాలపు చరిత్రలో అరుదు.

తుగ్లకాబాదు వైభవానికి ఆయువు నాలుగైదేళ్ళే. 1325 ఆరంభంలో సుల్తాను బెంగాలు దండయాత్ర ముగించి తిరిగి వస్తుండగా, రాజధానికి కొద్ది దూరంలోని అఫ్ఘాన్‌పూరు వద్ద కుమారుడు స్వాగతమండపం ఏర్పాటుచేశాడు. కొయ్యతో హడావిడిగా కట్టిన ఆ మండపం భోజనానంతరం కూలి, సుల్తాను దాని కింద పడి మరణించాడు. పిడుగు పడినదని బరనీ వ్రాశాడు. ఏనుగులను నడిపించినప్పుడు ఒక పక్క తొక్కిడి తగిలి కూలేట్లుగా ముందే పన్నిన పన్నాగమని ఇబన్ బతూతా ఆరోపించాడు. బరనీ మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో పదిహేడేళ్ళకు పైగా ఉన్నవాడు. ఇబన్ బతూతా ఆ సుల్తాను రాజ్యం విడిచి, స్వదేశం చేరిన తరువాత తన యాత్రను చెప్పినవాడు. ఇద్దరి వాక్యాలనూ తూచేటప్పుడు ఈ భేదాన్ని కూడ తక్కెడలో వేయాలి. ఏనుగులు నడిచినప్పుడు కొయ్యమండపం కూలడానికి కుట్ర అవసరం లేదన్నది మరికొందరి వాదం. ఈ వివాదం నేటికీ తేలలేదు.

ప్రజల నోట నిలిచిన కథ వేరు. కోట పనికి కూలీలందరినీ రప్పించుకొన్న సుల్తాను, హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా తవ్విస్తున్న దిగుడుబావికి మనుషులు దొరకకుండా చేశాడట. కూలీలు రాత్రివేళ దీపాలు పెట్టుకొని అక్కడ పని చేస్తే, దీపాలకు నూనె అమ్మరాదని ఆజ్ఞాపించాడట. ఈ కోట పాడుపడిపోవాలి, లేదా పశువులకాపరులైన గుజ్జరుల నివాసం కావాలి అని ఔలియా శపించాడట. బెంగాలు నుండి వస్తున్న సుల్తాను తనను శిక్షిస్తాడని శిష్యులు భయపడగా, ఢిల్లీ ఇంకా దూరమే అని ఆయన అన్నమాట ఉత్తరభారతమంతటా సామెతయై నిలిచింది. ఈ కథకు బలం తరువాతి కాలపు రచనలలోనే కనిపిస్తుంది. ఆ 1325లోనే సుల్తాను, ఔలియా, ఆయన శిష్యుడు అమీర్ ఖుస్రో ముగ్గురూ కొద్ది నెలల తేడాతో గతించడం వల్ల కథ అల్లుకొనడానికి చోటు దొరికిందని చెప్పవచ్చు.

కోట ఖాళీ కావడానికి శాపం కంటె దగ్గరి కారణాలున్నవి. కొండమీది నీటి ఎద్దడిని కొందరు కారణంగా చూపుతారు. తండ్రి కట్టిన నగరంలో ఉండడానికి కొత్త సుల్తానుకు ఇష్టం లేదు. దక్షిణాన, నీటికి ఆవలి గుట్ట మీద ఆదిలాబాదు అనే చిన్న కోటను కట్టించాడు. (మన ఆదిలాబాదుకూ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు.) తరువాత పాత ఢిల్లీలను కలుపుతూ జహాన్‌పనా గోడలు లేపాడు. 1327 ప్రాంతంలో రాజధాని దౌలతాబాదుకు తరలింది. ఆ పైన తుగ్లకాబాదుకు జనం తిరిగి రాలేదు.

కోటకు ఎదురుగా, రహదారికి దక్షిణాన, ఘియాసుద్దీన్ సమాధి ఉన్నది. నాడు చుట్టూ నీరు నిండిన జలాశయం మధ్యన ఐదు మూలల చిన్న దుర్గంలో దీనిని నిర్మించారు. కోట నుండి అక్కడికి 27 కమానుల మీద నిలిపిన వంతెనదారి ఉండేది. నేటి రహదారి దానిని చీల్చుకొని పోతున్నది. నీరు ఎన్నడో ఇంకిపోయింది. ఎర్రరాతి గోడలు, తెల్లని చలువరాతి గుమ్మటం గల ఈ కట్టడమే ఈ ప్రాంతమంతటిలో చెక్కుచెదరక మిగిలినది. దీని గోడలు సుమారు 75 డిగ్రీల కోణంలో లోపలికి ఒరగి ఉంటాయి. సమాధిని కూడ కోటగా కట్టుకొన్న రాజు ఎంతటి సైనికుడో ఆలోచించుకోవచ్చు. లోపల మూడు గోరీలు. ఒకటి సుల్తానుది, ఒకటి ఆయన భార్యది, మూడవది మహమ్మద్ బిన్ తుగ్లక్‌దని ప్రతీతి. తండ్రి మరణానికి కారకుడన్న నింద మోసినవాడు తండ్రి పక్కనే ఉన్నాడన్నమాట.

ఈ వాలుగోడలను చూచి వరంగల్లు వాసి ఒకడు ఇటువంటిది మా ఊరిలో ఉన్నదే అనుకొంటే పొరపాటు కాదు. ఓరుగల్లు కోట మధ్యలో, స్వయంభూదేవాలయపు శిథిలాలకు సమీపంలో 'ఖుష్ మహల్' అనే దీర్ఘచతురస్రపు దర్బారుశాల ఉన్నది. పైకి పోయినకొద్దీ లోనికి వాలే దాని మందపు గోడలు అచ్చంగా ఢిల్లీ తుగ్లక్ పద్ధతివి. అది తుగ్లక్ అధికారుల కాలంలో కట్టినదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. కాకతీయ తోరణాల సౌందర్యాన్ని వర్ణించే మార్గదర్శకులు చాలామంది ఆ శాలను ఒక్క వాక్యంతో దాటిస్తారు. తుగ్లకాబాదును చూచి వచ్చినవారికి దాని అర్థం వెంటనే తెలుస్తుంది.

ఓరుగల్లు నుండి బయలుదేరిన బందీలలో అందరూ నర్మద ఒడ్డున ఆగిపోలేదు. ప్రతాపరుద్రుని కొలువులో ఉన్నతోద్యోగియైన ఒకడు ఢిల్లీ చేరి, ఇస్లాము స్వీకరించి, మక్బూల్ అనే పేరు పొందాడు. మార్కండేయ పురాణాన్ని తెనిగించిన మారన ఆ కావ్యాన్ని అంకితమిచ్చిన గన్నసేనాని ఇతడేనని కొందరు చరిత్రకారులు నిర్ణయించారు. మక్బూల్‌కు చదువనువ్రాయను రాదని, బుద్ధి మాత్రం అసాధారణమని అఫీఫ్ అంటాడు. పురాణం అంకితం పొందినవాడు నిరక్షరాస్యుడా అన్న సందేహానికి సమాధానం ఒకటే తోస్తుంది: పారశీకం రానివానిని ఆ కొలువు చదువురానివానిగానే లెక్కించి ఉండవచ్చు. కొంతకాలం ఓరుగల్లులోనే సుల్తాను ప్రతినిధిగా పనిచేసి, 1336 ప్రాంతంలో కాపయనాయకుడు తెలుగు నాయకులను కూర్చుకొని కోటను తిరిగి గెలుచుకొన్నప్పుడు మక్బూల్ అక్కడి నుండి తొలగవలసి వచ్చింది. ఒకప్పుడు ఆ కోటను కాపాడినవాడే మరొకమారు దానిని తన పూర్వసహచరుల చేతికి వదలుకొన్నాడు.

అయినా ఢిల్లీలో ఆయన స్థానం పెరిగినదే గాని తగ్గలేదు. 1351లో రాజ్యానికి వచ్చిన ఫిరోజ్ షా తుగ్లక్ ఆయనకు ఖాన్-ఎ-జహాన్ బిరుదమిచ్చి వజీరును చేశాడు. సుల్తాను సింధులో చిక్కుబడి నెలల తరబడి కబురు లేకుండా పోయినప్పుడు రాజధానిని చెదరకుండా నిలిపినది ఈ తెలుగు వజీరే. ఆయన అనంతరం ఆయన కుమారుడు జౌనా షా అదే బిరుదుతో వజీరై, ఖిర్కీ మసీదు వంటి కట్టడాలను ఢిల్లీకిచ్చాడు. మక్బూల్ సమాధి నిజాముద్దీన్ బస్తీలో ఉన్నది. ఢిల్లీలో ఎనిమిది కోణాలతో కట్టిన మొదటి సమాధి ఇదే. లోదీ ఉద్యానంలో నేడు అందరూ మెచ్చుకొనే సయ్యదు, లోదీ సుల్తానుల అష్టకోణ సమాధులకు ఇది మాతృక. చరిత్ర గ్రంథాలలో దీని పేరు 'ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ సమాధి'. తెలుగునేల పేరు మోసే ఈ కట్టడం ఇండ్ల నడుమ చిక్కుకొని, గుర్తుపట్టరాని స్థితిలో ఉన్నది. విద్వాంసులు తప్ప అటు వెళ్ళేవారు లేరు. తుగ్లకాబాదు శిథిలం కావడానికి రాజుల నిర్ణయాలు కారణం. దీని దుస్థితికి ఆ సాకు కూడ లేదు.

తుగ్లకాబాదు కోటకు సైతం ఈ కాలపు చిక్కులున్నవి. ఒకనాటి నగరభాగంలో తుగ్లకాబాదు గ్రామం విస్తరించింది. గోడల లోపలి స్థలాక్రమణలపై న్యాయస్థానాలలో ఏండ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 2023లో న్యాయస్థానపు ఉత్తర్వుల మేరకు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అనేక ఇండ్లను తొలగించింది. కోటను కాపాడడం ఎంత అవసరమో, ఇల్లు పోయిన కుటుంబాల గతి ఏమన్న ప్రశ్న కూడ అంతే నిజమైనది. పాడుపడుటయో పశువులకాపరుల పాలగుటయో అన్న పాత శాపకథలో ఈ మూడవ సంగతికి చోటు లేదు.

ఢిల్లీ పరిసరాలలోని తెలుగువారికి ఈ యాత్ర ఒక్క పూట పని. ఘజియాబాదు వైపు వైశాలి నుండి బయలుదేరేవారు మెట్రో నీలిమార్గంలో మండీ హౌస్ వరకు వచ్చి, అక్కడ ఊదారంగు మార్గానికి మారి గోవింద్‌పురి స్టేషనులో దిగితే ఆటో దొరుకుతుంది. తుగ్లకాబాదు అనే మెట్రో స్టేషను వేరుగా ఉన్నది గాని పేరు చూచి అక్కడ దిగినవారు కూడ కోటకు మరొక వాహనం ఎక్కవలసినదే. వర్షాకాలం ముగిసిన తరువాతి నెలలలో గుట్టలన్నీ పచ్చగా ఉంటాయి. వేసవిలో నీడ దొరకదు. తాగునీరు వెంట తీసుకొని పోవాలి. కోతులు ఎక్కువ గనుక తినుబండారాలు చేతిలో పట్టుకొని నడవరాదు. పొదలు కమ్మిన బావుల అంచులకు పిల్లలను పోనీయరాదు.

ముందుగా విజయమండల్ ఎక్కి చూడడం మేలు. ఉత్తరాన ఇండ్లు కిక్కిరిసిన పాత నగరభాగం, దక్షిణాన రహదారికి ఆవల తెల్లని గుమ్మటం, దాని వెనుక ఎడమవైపు ఆదిలాబాదు గోడలు, నడుమ ఒకప్పటి జలాశయపు పల్లం ఒక్కసారిగా కనిపిస్తాయి. అక్కడి నుండి దిగి రహదారి దాటి సమాధిని చూచి, ఓపిక ఉన్నవారు ఆదిలాబాదు గుట్ట కూడ ఎక్కవచ్చు. సూర్యాస్తమయానికి ద్వారాలు మూసివేస్తారు. ఒకే రోజున నిజాముద్దీన్ బస్తీలోని మక్బూల్ సమాధిని కూడ చూడదలచినవారు ఉదయమే బయలుదేరి కోటను ముందు ముగించుకోవడం మంచిది.